రెండో కన్ను

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుళ్లు నెలల తరబడి కళ్లు లేకుండానే ఉండేవారు. మాది పటాలు రాసే ఇల్లు. మా ఊరు వేములవాడకు దగ్గర. ఊరూరా తిరిగి కులాల పుట్టుక కథలు పాడేవాళ్లు మా తాత దగ్గర పొడవాటి బట్ట మీద ఆ కథ బొమ్మలు రాయించుకునేవారు. పాట సాగుతున్నకొద్దీ వాళ్లు ఆ బట్టను విప్పుతూ పోతారు. రంగులన్నీ అయిపోయినా ముఖాల్లో కళ్లు మాత్రం పెట్టేవారు కాదు. పటం తీసుకుపోయేవాళ్లు వచ్చి ఎదురుగా కూర్చుని కొబ్బరికాయ కొట్టాక, తాత ముందుగా అమ్మవారికి కళ్లు పెట్టేవాడు. మిగతా ముఖాలకు ఆ తర్వాత తీరిగ్గా పెట్టేవారు. కళ్లు పడ్డాక అది బట్ట కాదని, దానికి ఆకలేస్తుందని, పాట అడుగుతుందని మా అవ్వ మమ్మల్ని దగ్గరికి పోనిచ్చేది కాదు.

బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూయడం, ఆరాక రాయితో రుద్ది నున్నగా చేయడం, కొబ్బరి చిప్పల్లో రంగులు నూరడం ఆడవాళ్ల పని. గీత మగవాళ్లది. అలాగని ఎవరూ చెప్పగా నేను వినలేదు, అలా జరిగిపోయేది అంతే. మా బాపుకు గీత అబ్బలేదు. ఆయన మంచిర్యాల దిక్కు బొగ్గు బాయిలో పనికి పోయాడు.

పోలీసు యాక్షన్ అయిపోయిన కొన్నేళ్లకు తాత కళ్లకు పొరలు కమ్మాయి. అప్పటి నుంచి, మొగుడు పోయి పుట్టింటికి వచ్చిన మా మేనత్త లోపలి గదిలో కూర్చుని గీసేది. తాత వాకిట్లో కూర్చుని, దారిన పోయేవాళ్లకు వినబడేట్టు "ఏనుగు తొండం జర లేపాలె" అని గొణిగేవాడు. అత్త నా చెవిలో "మా బాపు నోటితోని గీస్తుండు, నేను చేతితోని గీస్తున్న" అని నవ్వేది. ఈ సంగతి బయట పడకూడదని చిన్నదాన్నైనా నాకు తెలుసు. పడితే పటాలు రాయించుకునేవాళ్లు మా గడప తొక్కరు. అన్నిటికన్నా ముందు అత్త చేతిలోంచి కుంచె పోతుంది. ఆ ఇంట్లో ఆ కుంచె తప్ప ఆమెకు తనదంటూ ఏదీ లేదు.

ఒకరోజు పటం తీసుకుపోవడానికి కథ చెప్పే ఒక పెద్దాయన తన తమ్ముడిని వెంటబెట్టుకుని వచ్చాడు. అత్త పోయినసారిలాగే ముందే ఒక ఉపాయం చేసింది. అమ్మవారి ముఖానికి సూటిగా, బట్ట అంచున ఒక చింతగింజ అంటించింది. తాత దాన్ని తడిమి, అక్కడి నుంచి జానెడు లోపలికి కుంచె దించాలి. ఎన్నోసార్లు అలవాటు కూడా చేసింది. కానీ పెద్దాయన తమ్ముడు, ఎండ పడుతుందని పటాన్ని అటునుంచి ఇటు తిప్పి పరిచాడు.

"గిసొంటి గుర్రం నీ చేతిలనే పుడ్తదన్నా" అని మెచ్చుకుని పెద్దాయన కొబ్బరికాయ కొట్టాడు. తాత కుంచె ముంచి వంగాడు. ఎడమ చెయ్యి అంచంతా తడిమింది. చింతగింజ దొరకలేదు. అయినా ఆయన ఆగలేదు. నల్లరంగు కుంచె పటంలో బొమ్మ లేని ఎర్ర రంగు మీదికి దిగబోతుంటే, గడప లోపల నిలబడ్డ అత్త ఒక్క ఉరుకున వచ్చి తాత మణికట్టు పట్టుకుంది.

"గిదేందే! నువ్వెందుకొచ్చినవ్ ముందటికి?" పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"బాపుకు కండ్లు కనవడ్తలేవు. గీసింది నేనే."

"ఎప్పటి సంది?"

"మీ పోయినసారి పటం గూడ నేనే గీసిన."

తమ్ముడు నోరు తెరిచాడు. "అన్నా, అంటే మనం ధర్మపురి దాంక పాడుకుంట తిరిగింది ఆడిదాని గీత మీదనా?"

"జనం దండాలు వెట్టిండ్రు గదనే!" అన్నాడు పెద్దాయన, చెంప మీద కొట్టినట్టు కూలబడి.

"వెట్టిండ్రు. మంచిగనే ఉండె గద" అంది అత్త.

తాత వేళ్లు వదులు చేశాడు, కుంచె అత్త చేతిలోకి వచ్చింది. అత్త కూర్చుని అమ్మవారికి ఒక కన్ను పెట్టింది. విశాలమైన కన్ను. అక్కడే ఆగిపోయింది. కుంచె ఒళ్లో పెట్టుకుని, తల వంచుకుని కూర్చుంది.

కళ్లు లేని పటాన్ని వద్దని లేచిపోవచ్చు. కళ్లు తెరిచిన పటాన్ని భుజానికెత్తుకోవచ్చు. ఒంటి కన్నుతో చూస్తున్న అమ్మవారిని ఏం చేయాలో వాకిట్లో ఎవరికీ తెలియదు.

తమ్ముడు వెనక్కి జరిగాడు. "అన్నా, నన్నే జూస్తుంది."

"కానియ్యి బిడ్డా" అన్నాడు పెద్దాయన. అత్త కదలలేదు. "గట్ల సగంల ఇడ్సిపెట్టద్దే, పాపం తగుల్తది." ఆమె తల కూడా ఎత్తలేదు. చివరికి, అంతకుముందే ఆమెను అదిలించిన మనిషి చేతులు జోడించాడు. "తల్లీ, నీకు దండం వెడ్త. రెండో కన్ను వెట్టు. నీ చేతితోనే వెట్టు."

అప్పుడు అత్త కుంచె ఎత్తింది.

వాళ్లు ఆ పటం తీసుకుపోయారు. మరోసారి వచ్చినప్పుడు పెద్దాయన వాకిట్లోకి రాగానే "బిడ్డ ఉన్నదా ఇంట్ల?" అని అడిగాడు. తాత నవ్వి లోపలికి చెయ్యి చూపించాడు.

అత్త అంత పెద్దమనిషిని ఒక్క మాట లేకుండా లొంగదీసిందని నేను ఏళ్ల తరబడి మురిసిపోయాను. నా పెళ్లయ్యాక, నేనూ పటాలు రాయడం మొదలుపెట్టాక, ఆ ధైర్యం ఎక్కడిదని ఒకసారి అడిగాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ధైర్యమెక్కడిదే పిచ్చిదానా! ఒక్క కన్ను వెట్టంగనే చెయ్యి గజగజ వణికింది. రెండోది వెడితే మెల్లకన్ను అయితుండె. వణుకు ఆగేదాంక కూసున్న. ఆయన ఏమన్నడో గూడ నాకు ఇనవడలే."

నేను ధైర్యం అనుకున్నది ఆమెకు వణుకు. ఆ వణుకులో ఆమె చేసింది ఒక్కటే, కుంచెను కింద పడనివ్వలేదు, ఇంకొకరికి అందించలేదు.

నేను అక్షరాలు నేర్చుకున్నది జుట్టు నెరిశాక. బలపం పట్టినప్పుడూ ఇలాగే చెయ్యి వణికింది. ఇప్పుడు వయసు వణుకు కూడా కలిసింది. ముఖాలకు కళ్లు పెట్టే వేళ, ఇటియ్యి అమ్మమ్మా, నేను పెడతానని మనవరాలు చెయ్యి చాపుతుంది. నీ బొమ్మలకు నువ్వు పెట్టుకో అంటాను. నా కుంచెను ఒళ్లో పెట్టుకుని, చెయ్యి నిలిచేదాకా కూర్చుంటాను.