జరిపిన పైపు

ఈరోజు బొమ్మనహళ్ళిలో ఒక వీధికి నీళ్ళు ఆగిపోయింది నా వల్లే. నేను నీటి సరఫరా శాఖలో ఇంజనీరుని. అక్కడి పైపును పోయినేడు పక్కకు జరిపించింది నేనే. మురుగుకాల్వ తవ్వే శాఖ ఇంజనీరు ఫోన్ చేసి పైపు ఇప్పుడెక్కడుందని అడిగితే, పైనుంచి లెటర్ రావాలన్నాను. అది ఇన్నేళ్ళ ఉద్యోగంలో అలవాటైపోయిన మాట. పొద్దున వాళ్ళ జేసీబీ పైపును చీల్చేసింది.

అక్కడికి పోయి, లెటర్ కోసం ఆగానని ఆ ఇంజనీరుతో ఒప్పుకుంటుంటే, పక్కనున్న ఇడ్లీ అంగడామె వినింది.

"ఏమప్పా, తెలిసీ చెప్పకుండా ఉంటివా? ఇప్పుడు లెటర్ పోసి రుబ్బేదా పిండి?"

ట్యాంకర్ పిలిపించి ముందు ఆమె డ్రమ్ము నింపించాను. తర్వాత ఆ ఇంజనీరుతో వీధి చివరిదాకా నడిచి, పైపు పోయే దారంతా సున్నంతో గీత గీశాను. మిగతా వీధుల్లో ఎక్కడెక్కడ జరిపామో కూడా లెటర్ అడక్కుండా చెప్పాను.