చెమ్మ నేల మీద నల్ల తెర

వీధిలో అందరూ ఆమెను పరదాల వదిన అంటారు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆమె కుడుతున్నవి పరదాలే: కిటికీలకు, ఆసుపత్రి మంచాల మధ్యకు, నాటకాల హాలు వేదికకు. అంత గుడ్డకు ఏ బల్లా చాలదు. నేల మీద పరచి, మోకాళ్ల మీద పాకుతూ కత్తిరించాలి. ఆ ఇంట్లో అందుకు చాలిన చోటు ముందుగది ఒక్కటే. దాని నేల పూల అచ్చుల పాత సిమెంటు పలకలది.

ఆ పలకలకు ఉప్పు పూయసాగింది. గోడవారన మొదలై, సందుల వెంట తెల్లని నూగు లేచేది. ఆమె తెల్లవారగానే బకెట్లతో నీళ్లు పోసి కడిగేది. మధ్యాహ్నానికి అద్దంలా ఉన్న నేల మర్నాటికి పిండి చల్లినట్టుండేది. అప్పుడు మరిన్ని నీళ్లు. శ్రమ ఫలించనప్పుడు మనిషి శ్రమను అనుమానించడు; ఇంకొంత పెంచుతాడు.

భర్త బస్సు డ్రైవరు. ఆమె నడుము పట్టుకుని లేవడం చూడలేక, ఒక సెలవునాడు నేలంతా వార్నిషు పూశాడు. "ఇక పైకెలా వస్తుందో చూస్తా" అన్నాడు. వచ్చింది. దారి మూసుకుపోయిన ఉప్పు పలకల ముఖాన్నే పెచ్చులుగా లేపింది.

"బస్సుకు వేసినట్టు నేలకీ బ్రేకు వేశారు" అన్నదామె. నవ్వే ఓపిక లేక ఆయన చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు.

నాటకాల హాలు మేనేజరు ఆమె కుట్టిచ్చిన నల్ల తెరను వెనక్కి తెచ్చాడు. దాని నిండా తెల్లని చారలు.

"వదినగారూ, చావు సీను వెనక సుద్ద గీతలు కనబడితే జనం ఏడుస్తారా, లెక్కలు చేస్తారా? ఇంకోసారి ఇలాగైతే వేరేవాళ్లని చూసుకుంటాను."

మేస్త్రిని పిలిచారు. ఆయన ఇంటి చుట్టూ తిరిగి, ముందుగది గోడ బయట ఆగాడు. అక్కడ అత్తగారి గులాబీ పాదు. ఏళ్ల తరబడి మట్టి, ఎరువు వేస్తూ పోగా గది నేలకంటే జానెడు ఎత్తు పెరిగింది. మోకాళ్లు అరిగిన ఆవిడ మంచం దిగేది దానికి నీళ్లు పోయడానికే.

"మామ్మగారూ, మొక్కలకు మీరు పోస్తుంటే గోడ తాగుతోంది. లోపల ఈవిడ పోస్తున్నారు. ఇంక అదెటునుంచి ఆరాలి? ఆ చెమ్మే ఉప్పును పైకి తెస్తోంది." అన్నాడు మేస్త్రి. "పాదు తీసి మట్టి దించాలి. వార్నిషు గీకెయ్యాలి. కడగడం మానేసి పొడి బ్రష్షుతో ఊడవండి. ఏడాది పట్టొచ్చు. ఆరుతుందని మాత్రం నాచేత ఒట్టేయించకండి."

"నేను పోయాక తవ్వుకోండి. ఎంతో కాలం పట్టదులే" అన్నది అత్తగారు. ఏ జవాబిచ్చినా తప్పయ్యే మాట అది. కోడలు మేస్త్రిని పంపేసింది.

మర్నాడు ఆమె నల్ల తెరను పెరటి తాడు మీద వేసి, చారలను బ్రష్షుతో దులుపుతున్నది. అత్తగారు చెంబుతో వచ్చి నిలబడింది.

"పోతోందా?"

"పోతుంది అత్తయ్యా. మళ్లీ నేల మీద పరిస్తే మళ్లీ అంటుకుంటుంది."

"ఆ చేతులేమిటే, అలా పగిలాయి?"

"ఉప్పు, నీళ్లూను."

ముసలావిడ చెంబు నీళ్లను తొట్టిలోనే తిరగబోసింది. "మేస్త్రిని రమ్మను. మొక్కలు చచ్చాయో, బతికున్నన్నాళ్లూ నిన్ను సాధిస్తాను."

"ఇప్పుడేదో వదిలిపెట్టినట్టు!"

గులాబీలను గేటు పక్కకు మార్చారు. ఒకటి ఎండిపోయింది, అత్తగారు మాట నిలబెట్టుకున్నది. గది మధ్య భాగం మెల్లగా ఆరి, తెర మళ్లీ నల్లగా హాలుకు వెళ్లింది. మేనేజరు ఇంకో తెరకు గుడ్డ పంపాడు. గోడవారన మూరెడు మేర ఇంకా తెల్లబడుతూనే ఉన్నది. ఆ మూరెడు వదిలి, గుడ్డను రెండు విడతలుగా పరచి ఆమె కత్తిరిస్తుంది. దానివల్ల ప్రతి తెరకూ పాకవలసిన దూరం పెరిగింది.