నూరో పద్యం

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మస్తాన్ సాయిబు, ప్రొద్దుటూరులో ఒక ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చే మనిషి. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, ఒక మిట్టమధ్యాహ్నం, ప్రూఫు కాగితాలు చంకలో పెట్టుకొని బస్సులో జమ్మలమడుగుకు, మా ఇంటికి వచ్చినాడు.

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. గండి ఆంజనేయస్వామిని నమ్ముకున్నదానికి వాటితో పనేముంది?

మా వదిన ఓబుళమ్మ ఆ స్వామి మీద శతకం మొదలుపెట్టి, తొంభై తొమ్మిది పద్యాలు నోటుపుస్తకంలో రాసి పోయింది. బడి ముఖం చూడని నాకు ఇంట్లో అక్షరాలు దిద్దించింది ఆమే. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆమె పెట్టిన భిక్ష.

పోయే ముందురోజు పొద్దున జడ వేస్తుంటే కొత్త పద్యం ఒకటి చెప్పింది. "రాసుకో పాపా" అంది. "రేపు రాసుకుందాంలే వదినా" అన్నాను. గదిలో మేమిద్దరమే. తర్వాత ఎంత తన్నుకున్నా, అది దీపం గురించి అన్న సంగతి తప్ప ఒక్క మాటా గుర్తుకు రాలేదు.

ఉన్నవైనా సరిగ్గా అచ్చు వేయించి, శ్రావణ శనివారం గండిలో స్వామి పాదాల దగ్గర పెట్టాలనుకున్నాను. సలహా కోసం పులివెందులలో ఒక కవిగారి దగ్గరికి పోయినాను. ఎండాకాలంలో కూడా భుజాన శాలువా లేకుండా కూర్చోలేని మనిషి. నోటుపుస్తకం రెండు పేజీలు తిప్పి మూసినారు.

"నూటెనిమిది లేకుంటే శతకమని యెవురంటారమ్మా? తక్కువైన తొమ్మిదీ నేను రాసి పడేస్తా. ముందుమాట పద్నాలుగు పేజీలు నాది. అట్టమీద నా ఫోటో ఉంటే నలుగురూ చూస్తారు."

"వదిన ఒప్పుకుంటుందా అయ్యవారూ?"

"సచ్చిపోయినామె లేచొచ్చి అడుగుతాదా ఏంది?"

ముప్పై పేజీల పుస్తకానికి పద్నాలుగు పేజీల ముందుమాట. అయినా తల ఊపి, ఆయన రాసిన తొమ్మిదీ కలిపి మస్తాన్ సాయిబు ప్రెస్సుకు ఇచ్చినాను. ఆ తప్పు నాది.

ఆ మధ్యాహ్నం మస్తాన్ సాయిబు మా గడపలో నిలబడి అన్నాడు: "నూరో పద్యం కాడ యేందో తేడాగా ఉందమ్మా. అయ్యవారు రాసింది చూసే పేరిస్తి. అచ్చు తీస్తే ఇంకోటి వస్తాండాది. విప్పి మళ్లా పేరిస్తి. మళ్లా అదే. నేను తాగేవాణ్ణి కూడా కాదు."

చదివినాను. దీపంలో నూనె అయిపోయింది స్వామీ, చీకట్లో నా చెయ్యి నీవే వెతుక్కో అని ఉంది. జడ వేస్తూ విన్న పద్యం, ఆమె గొంతుతో సహా గుర్తొచ్చింది.

ప్రూఫు కవిగారికి చూపించినాను. "బాగుందే. నేనే రాసినట్టుండాది" అన్నారు. ఆయన చేత్తో రాసిన కాగితం పక్కన పెట్టినాను. అందులో స్వామి తోకను పొగుడుతూ నాలుగు పాదాలు, ఒక్కటీ నడవదు. "అట్లయితే తర్వాత సవరించి ఉంటాలే" అన్నారు.

ఆ కాగితం ఒక్కటి ఆధారంగా ఉంచుకొని, మిగతా ఎనిమిదీ, ముందుమాటా, ఫోటో ఆయన చేతికే ఇచ్చి నమస్కారం పెట్టి వచ్చినాను. ఆయనకూ నేను కృతజ్ఞురాలినే. అంత చెడ్డ పద్యం రాయకుంటే మా వదిన లేచి రావలసిన పని పడేది కాదేమో.

నూరు పద్యాలతోనే పుస్తకం గండికి చేరింది. ఆ పద్యం నోటుపుస్తకంలో లేదు. మస్తాన్ సాయిబు మా వదినను చూడనైనా లేదు. ఇది ఎట్లా జరిగిందో ఈనాటికీ నాకు తెలియదు.

చదివినవాళ్లు కవిగారిని తలుచుకోనక్కరలేదు, ఆ పని ఆయనే చూసుకుంటారు. ఇంట్లో దీపం పెట్టేటప్పుడు మా వదిన ఓబుళమ్మను ఒక్కసారి తలుచుకోండి.