పేజీలు తిప్పిన నిబియా

మా ఊళ్ళో ఏటా అక్టోబరు నెలలో ఆరు సాయంత్రాలు పియానో కచేరీలు జరుగుతాయి. అవి సంగీతం మీద ప్రేమతో మొదలైనవి కావు. మాంసం ఫ్యాక్టరీ యజమాని భార్య పోతూ పోతూ తన పెద్ద పియానోను ఊరికి రాసిచ్చింది. ఏటా ఆరు రోజులు దాని మీద కచేరీ జరగాలని, జరగని ఏడాది ఆ పియానో పక్క ఊరు కుచిల్యా నెగ్రాకు వెళ్ళిపోవాలని వీలునామాలో రాయించింది. కుచిల్యా నెగ్రా వాళ్ళకు అప్పటికే రైల్వే జంక్షనూ పెద్దాసుపత్రీ ఉన్నాయి. పియానో కూడా వాళ్ళకే పోవడం మా పాసో ఒండోలో ఎవరికీ ఇష్టం లేకపోయింది. ఉరుగ్వేలో ఇంత చిన్న ఊరికి అంత పెద్ద ఉత్సవం ఎందుకుందని ఎవరైనా అడిగితే, దానికి కారణం ఇదే.

ఆ ఉత్సవంలో ముప్పై నాలుగేళ్ళు పేజీలు తిప్పిన మనిషి నిబియా ఒలగరాయ్. జనన మరణాల ఆఫీసులో ఇరవై రెండేళ్ళు ఆమె పక్క బల్ల నాది. అందుకని ఆమె గురించి చెప్పగలను.

పియానో వాయించేవాళ్ళకు రెండు చేతులూ ఖాళీ ఉండవు. ఎదురుగా ఉన్న, స్వరాలు రాసిన నోట్స్ పుస్తకంలో పేజీ అయిపోయే వేళకు పక్కనున్న మనిషి లేచి, పై అంచు పట్టుకుని, చప్పుడు కాకుండా తిప్పి, మళ్ళీ కూర్చోవాలి. నల్లబట్టలు వేసుకోవాలి. గాజులు, ఉంగరాలు, సెంటు పనికిరావు. తుమ్మకూడదు. ఆ మనిషి అక్కడ ఉన్నట్టు ఎవరికీ తెలియకపోతే పని బాగా జరిగినట్టు లెక్క. నిబియా వాళ్ళమ్మ పియానో టీచరు. అక్షరాల కంటే ముందే కూతురికి నోట్స్ చదవడం నేర్పింది. పన్నెండో ఏట మేనమామ బేకరీలో పిండి పిసికే యంత్రం నిబియా ఎడమచేతి వేళ్ళు రెండింటి కొసలు తీసేసింది. వాయించడం అక్కడితో ఆగిపోయింది గాని చదవడం ఆగలేదు. ఉత్సవం మొదలైన ఏడు కమిటీ వాళ్ళు ఊరంతా గాలించి, నోట్స్ చదవగలిగి, తనూ వాయిస్తానని అడగని మనిషి ఆమె ఒక్కతేనని తేల్చారు. అప్పటికామెకు పాతికేళ్ళు.

ఆమె సాధన మా ఆఫీసులోనే సాగింది. జనన రిజిస్టర్లు తిప్పడంలో. ఆమె రాసిన ముప్పై ఏళ్ళ రిజిస్టర్లలో ఒక్క పేజీ అంచు నలగలేదు. మరణాల రిజిస్టరు నా దగ్గర ఉండేది. దాని సంగతి చెప్పుకోకపోవడం మంచిది.

నిబియా అన్న ఎల్బియోకు బస్టాండు దగ్గర టైర్ల పంక్చర్ షాపు ఉంది. కచేరీ అయిన మర్నాడల్లా చెల్లెల్ని అదే మాట అడిగేవాడు.

"ఏమే, నిన్న ఎన్ని తిప్పావు?"

"నలభై రెండు."

"నేను లారీ టైర్లు ఆరు విప్పాను. నన్నెవరూ స్టేజీ మీదికి పిలవలేదు."

"నల్లబట్టలు నీకూ ఉన్నాయిగా, వచ్చి కూర్చో."

"నావి గ్రీజుతో నల్లబడ్డవే."

ఒక ఏడు బ్యూనస్ అయిరెస్ నుంచి ఫెర్మిన్ సార్తోరి అని పెద్దాయన వచ్చాడు. డెబ్బై తొమ్మిదేళ్ళు. "నేను తల ఊపినప్పుడు తిప్పమ్మా, ముందూ వద్దు, వెనకా వద్దు" అన్నాడు రిహార్సల్లో. ఆయన ప్రతి తాళానికీ తల ఊపుతాడని నిబియా రెండు నిమిషాల్లో కనిపెట్టింది. కచేరీలో ఆ తల వంక చూడనే లేదు, నోట్స్ చూసి తిప్పింది. సగంలో ఆయనకు మతిమరుపు వచ్చి పదకొండో పేజీలోంచి పద్నాలుగో పేజీ మధ్యలోకి దూకేశాడు. నిబియా లేచి ఒక్క కదలికలో రెండు పేజీలు కలిపి తిప్పి కూర్చుంది. హాల్లో ఎవరికీ తెలియలేదు. ఆ తర్వాత ఆయన కమిటీ ప్రెసిడెంటు ఎబెర్‌తో, "ఆవిడ నా మాట వినే రకం కాదు" అని ఫిర్యాదు చేశాడు. మరుసటేడు వస్తానని ఒప్పుకుంటూ రాసిన ఉత్తరంలో మాత్రం ఒకే ఒక్క షరతు పెట్టాడు. మాట వినని ఆవిడే కావాలని.

ముప్పై అయిదో ఏడు సెప్టెంబరులో ఎబెర్ మా ఆఫీసుకు తీపి రొట్టెల పెట్టె పట్టుకుని వచ్చాడు. ఎబెర్ మందుల షాపు యజమాని. చెడు వార్త చెప్పాల్సివచ్చినప్పుడు రొట్టెలు తెస్తాడని ఊళ్ళో అందరికీ తెలుసు.

"ఈసారి మొదటి రోజు చిలీ నుంచి రోసియో అని ఒక అమ్మాయి వస్తోంది" అన్నాడు. "ఆ అమ్మాయికి టాబ్లెట్ ఉందట నిబియా. నోట్స్ అంతా దాన్లోనే. కింద మీట ఉంటుందట, కాలితో నొక్కితే పేజీ మారిపోతుంది."

"ఏ కాలితో?"

"ఎడమ కాలితో."

"ఎడమకాలికి వేరే పెడల్ ఉందిగా."

"వాళ్ళు రెండూ తొక్కుతారు."

"మిగతా అయిదుగురో?"

"వాళ్ళకీ ఉన్నాయట."

నిబియా పెట్టెలోంచి ఒక రొట్టె తీసుకుని తిన్నది. "బాగుంది" అంది. రొట్టె సంగతో, వార్త సంగతో ఎబెర్‌కూ తెలియలేదు, నాకూ తెలియలేదు. ఆయన వెళ్ళిపోయాక ఆమె ఆ రోజు పుట్టిన ఇద్దరు పిల్లల పేర్లు రిజిస్టరులో ఎక్కించింది.

కోపం వచ్చింది ఎల్బియోకే. ముప్పై నాలుగేళ్ళు ఎగతాళి చేసిన మనిషి, పంక్చర్ షాపులో మాతె కషాయం తాగుతూ ఫ్లాస్కు బల్లకేసి కొట్టాడు.

"కరెంటు పోతే ఏం చేస్తారట?"

"దానికి బ్యాటరీ ఉంటుందన్నయ్యా."

"బ్యాటరీ అయిపోతే?"

"ముందే చార్జింగ్ పెట్టుకుంటారు."

"నువ్వు వాళ్ళ పక్షమా, మన పక్షమా? నీకు ఒళ్ళు మండటం లేదూ?"

"అది కాదు. కచేరీకి ఏం వేసుకోవాలో తెలియడం లేదు. మంచివన్నీ నల్లవే."

నా ఆకుపచ్చ స్వెట్టరు ఇచ్చాను. మొదటి సాయంత్రం మూడో వరసలో నేనూ ఎల్బియో చెరో పక్క, మధ్యలో ఆమె కూర్చున్నాం. రోసియో వచ్చింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. టాబ్లెట్ పెట్టుకుని మొదలుపెట్టింది. కాసేపటికి నిబియా కుడిచెయ్యి ఒళ్ళోంచి లేచింది. నేను పట్టుకుని కిందికి దించాను. మళ్ళీ లేచింది.

"పేజీ ఎక్కడ అయిపోతుందో ఇక్కణ్ణుంచే తెలుస్తుందా?" అన్నాను.

"తెలుస్తుంది. మాట్లాడకు."

అయిదారుసార్లు లేచిన చెయ్యి తర్వాత లేవలేదు. తిరిగి చూస్తే, ఎక్కాల్సిన బస్సు కాకుండా వేరే బస్సు ఎక్కి కిటికీలోంచి బయటకు చూస్తున్న మనిషిలా ఉంది.

"ఇల్డా, ఇది ఇలా ఉంటుందా?"

"ఏది?"

"ఇదే, ఇప్పుడు వాయిస్తున్నది."

"నువ్వు దీన్ని ఏడెనిమిదిసార్లు విన్నావుగా."

"తిప్పాను. వినలేదు."

తర్వాత వివరంగా చెప్పింది. పేజీ తిప్పేవాళ్ళ కన్ను ఎప్పుడూ చప్పుడు కంటే ఒక వరస ముందు నడవాలి. చెవిలో పడుతున్నది అప్పటికే అయిపోయిన పని. అలా ముప్పై నాలుగేళ్ళు, ఉరుగ్వేలో ఇంకెవరూ కూర్చోనంత దగ్గరగా కూర్చుని, ఆమె ఒక్క కచేరీ కూడా వినలేదు. ఈ సంగతి ఆమెకూ ఆ రోజే తెలిసింది.

విరామంలో ఎబెర్ భయం భయంగా మా దగ్గరికి వచ్చాడు.

"ఎలా ఉంది నిబియా?"

"మొదటిది చాలా బాగుంది. రెండోది పొడుగు."

"అది గొప్ప రచన."

"గొప్పదే. పొడుగు."

మా ఊళ్ళో మాట ఆగదు. మర్నాడు పొద్దున్నే ఆ చిలీ అమ్మాయి జనన మరణాల ఆఫీసుకు వచ్చింది. పుట్టినవాళ్ళెవరూ లేరు, పోయినవాళ్ళెవరూ లేరు. అయినా కౌంటర్ దగ్గర నిలబడింది.

"రెండోది పొడుగన్నది మీరేనాండీ?"

"నేనే."

"ఎక్కడ పొడుగు?"

"మొదటి భాగం అయిపోయాక మళ్ళీ మొదట్నించీ వాయించావు కదా, అక్కడ. ముప్పై నాలుగేళ్ళలో దాన్ని అలా రెండుసార్లు వాయించినవాళ్ళు ముగ్గురే. నాలుగు పేజీలు వెనక్కి తిప్పాలి, అందుకే నాకు గుర్తుంది. మిగతావాళ్ళు తిన్నగా ముందుకు వెళ్ళిపోయారు."

"వాళ్ళు వాయించినప్పుడు ఇంకా బాగుందా?"

నిబియా ఆలోచించింది. "చెప్పలేనమ్మా. అప్పుడు నేను వినలేదు."

ఆ అమ్మాయి నవ్వలేదు. "మధ్యాహ్నం ఖాళీయేనా? రెండు రకాలుగానూ వాయిస్తాను. విని చెప్పండి" అంది.

భోజనం వేళ థియేటర్‌కు వెళ్ళాం. ఖాళీ హాల్లో మేమిద్దరమే. రోసియో ఒకసారి పూర్తిగా, ఒకసారి కుదించి వాయించింది. నిబియా చేతులు కట్టుకుని విని, "పూర్తిగా వాయించడమే బాగుంది. నిన్న నాకు ఆకలిగా ఉంది" అంది. రోసియో తల ఊపి, టాబ్లెట్ సర్దుకోబోయింది.

"ఇంకోటి వాయిస్తావా?" అంది నిబియా.

"ఏం వాయించమంటారు?"

"పేరు గుర్తు లేదు. ఏడో పేజీ చివర మూడు వరసలు ఇరుకు ఇరుకుగా ఉంటాయి. తొమ్మిది నుంచి అయిదుకు వెనక్కి వెళ్ళాలి."

ఆమె దేన్ని గురించి అడుగుతోందో నాకు అర్థమైంది. పద్నాలుగేళ్ళ కిందట ఉత్సవం నడుస్తుండగా గురువారం తెల్లారేసరికి ఆమె భర్త లీబెర్ నిద్రలోనే పోయాడు. మునిసిపాలిటీలో రోడ్డు రోలర్ నడిపేవాడు. మరణాల రిజిస్టరులో పేరు నేనే రాశాను. శుక్రవారం పొద్దున పాతిపెట్టారు. ఆ సాయంత్రం ఏడు గంటలకు నిబియా థియేటర్‌కు వచ్చింది. పొద్దున అంత్యక్రియలకు వేసుకున్నవీ నల్లవే కాబట్టి బట్టలు మార్చుకోవాల్సిన పని కూడా లేకపోయింది. "ఇంటికెళ్ళు నిబియా" అన్నాడు ఎబెర్ గుమ్మంలో అడ్డం నిలబడి. "నాకు బదులు ఎవరున్నారు?" "ఎవరూ లేరు." "అయితే జరుగు" అంది. ఆ తర్వాత నెలరోజులు ఊరు ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. సోమవారం ఆఫీసులో, ఆ పాట వింటూ ఎలా కూర్చోగలిగావని నేనూ అడిగాను. ఏడో పేజీ ఇరుకుగా ఉందని జవాబిచ్చింది. మాట దాటేస్తోందనుకుని ఇంక అడగలేదు.

ఎబెర్ మందుల షాపులో పాత కార్యక్రమాల కాగితాలన్నీ దాచాడు. ఫోన్ చేస్తే ఆ శుక్రవారం కాగితం వెతికి పేరు చదివి చెప్పాడు. రోసియో టాబ్లెట్‌లో అది ఉంది.

వాయించింది. పల్లెటూళ్ళో పెళ్ళి ఊరేగింపు లాంటి హుషారైన నాట్యం అది. కాళ్ళు వాటంతటవే ఆడతాయి. మధ్యలో ఒకచోట తాగినవాడు తూలినట్టు కూడా ఉంటుంది. నిబియా ముందుకు వంగి, ఆఖరిదాకా కదలకుండా విన్నది.

"ఇదా?" అంది నా వైపు తిరిగి.

"ఇదే."

"ఆ రోజు ఊరంతా ఇది వింటూ నన్ను చూశారా?"

"చూశాం."

"మా ఆయన్ను పొద్దున్న పాతిపెట్టి, సాయంత్రం దీనికి పేజీలు తిప్పానా?"

"తిప్పావు. ఒక్కటి కూడా తప్పలేదు."

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. మొదట చెయ్యి అడ్డం పెట్టుకుంది, తర్వాత తీసేసింది. కాసేపటికి ఆ నవ్వు నవ్వుగా ఉండటం మానేసింది. రోసియో స్టేజీ దిగి వచ్చి ముందు వరసలో కూర్చుంది. మేం ముగ్గురం భోజనం వేళ దాటిపోయేదాకా అలాగే కూర్చున్నాం. ఆఖరికి నిబియా ముక్కు తుడుచుకుని, "లీబెర్‌కు ఇది నచ్చేది. రోలర్ మీద కూర్చుని ఇలాంటివే ఈల వేసేవాడు" అంది. ఆఫీసుకు గంట ఆలస్యంగా వెళ్ళాం. ఉద్యోగంలో ఆమెకు అదే మొదటి ఆలస్యం. నాకు కాదు.

మర్నాడు రోసియో వెళ్ళిపోయింది. మిగతా అయిదు కచేరీలకూ నిబియా వెళ్ళింది. మరుసటేడు ఎబెర్ ఆమెను కమిటీలో వేయాలని మళ్ళీ రొట్టెలు తెచ్చాడు. ఈసారి అది మంచి వార్తేనని ముందే చెప్పాడు. కార్యక్రమం కాగితం చదివి ఆమె శనివారం కచేరీలోంచి ఒక పాట, ఆదివారం దాంట్లోంచి ఒకటి తీసేయమంది. శనివారంది తీశాడు, ఆదివారందానికి ధైర్యం చాలలేదు. ఆమె కమిటీలో చేరలేదు. టికెట్ కొనుక్కుని మూడో వరసలోనే కూర్చుంటుంది. విరామంలో వాయించేవాళ్ళు తెర సందులోంచి ఆమె మొహం చూస్తారని థియేటర్ వాళ్ళు చెబుతారు. చూసినా లాభం లేదు, ఆ మొహంలో ఏమీ కనబడదు.

కిందటేడు ఆదివారం కచేరీ అయ్యాక మెట్లు దిగుతుంటే ఎల్బియో అడిగాడు.

"ఎలా ఉందే?"

"నువ్వూ ఉన్నావుగా పక్కనే."

"నిద్రపోయాను."

"ఏ పాట దగ్గర?"

"మూడోదాంట్లో మొదలెట్టాను. చప్పట్లకు మెలకువ వచ్చింది."

"మూడోదయితే పర్వాలేదు" అంది నిబియా. "నాకూ ఒక కునుకు పట్టింది."