గుల్లల మడి గట్టు

రిటైర్ కావడానికి రెండేళ్ళ ముందు, జూన్ నెలలో, కెనడాలోని బ్రిటిష్ కొలంబియా తీరంలోని ఒక చిన్న దీవికి నన్ను పంపారు. అప్పటికి నేను సీనియర్ హైడ్రోగ్రాఫర్‌ని. తీరాన్ని, సముద్రపు అడుగును కొలిచి నావికులకు పటాలు తయారుచేయడం మా పని. ఆ దీవిలో పడవల రేవు కట్టబోతున్నారు. అడ్డుగా ఉన్న రాళ్ళగట్టును తీసేయడానికి అనుమతి కాగితాలు సిద్ధమవుతున్నాయి. ఎన్నో ఏళ్ళ కిందట, పడవలోంచే చూసి, పటంలో ఆ గట్టు పక్కన 'సహజ శిల' అని రాసింది నేనే.

అక్కడి ఆదివాసుల పెద్ద మార్గరెట్ ఒప్పుకోలేదు. "అది మా అమ్మమ్మలు కట్టిన గుల్లల మడి. రాళ్ళు దొర్లించి గట్టు వేస్తే లోపల ఇసుక నిలుస్తుంది, మేం తినే గుల్లలు బాగా పెరుగుతాయి" అన్నారు. విషయం తేల్చడానికి పురావస్తు నిపుణురాలు శ్రావణి నాతో వచ్చింది. ఆమెది కరీంనగర్.

ఏడాది మొత్తంలో సముద్రం బాగా వెనక్కి తగ్గే రోజు చూసుకుని దిగాం. గట్టు అడుగు బయటపడి ఉండేది గంటన్నరసేపే. ఎత్తులు చూసే లెవెల్ పరికరం నిలబెట్టి, కొలకర్రతో గట్టు పైభాగాన్ని కొలుస్తూ వెళ్ళాను. ఈ చివర నుంచి ఆ చివరకు దాదాపు ఒకే ఎత్తు! సహజంగా పడ్డ రాళ్ళు ఇంత సమంగా ఉండవు. కానీ అది అనుమానమే, రుజువు కాదు. మార్గరెట్ ఒక్క రాయి కదపడానికి ఒప్పుకుని, అది ఏ రాయో తనే చూపించారు. నేనూ శ్రావణీ గునపాలు వేసి లేపాం. శ్రావణి బోర్లా పడుకుని కిందికి చెయ్యి పెట్టింది.

"మూర్తి గారూ, కింద బెడ్‌రాక్ లేదండీ, అడుగు బండే లేదు! ఇసుకే! గుల్లలు కూడా ఉన్నయి, రెండు చిప్పలూ మూసుకునే ఉన్నయి!" అని అరిచింది.

చచ్చిన గుల్లలకు చిప్పలు విడిపోతాయి. అంటే బతికున్న గుల్లల మీదే ఎవరో రాయి పెట్టారు. అవి ఎప్పుడు చచ్చాయో తెలిస్తే గట్టు వయసు తెలిసినట్టే. నేనూ ఆ తడిలో పడుకుని చూసి, వయసు మరచి కేక పెట్టాను. ఈలోగా నీళ్ళు బూట్లు దాటాయి. "తొందరగా లేబుల్ రాయండి సార్!" అంటూ ఆమె గుల్లల్ని సంచిలో వేసింది. రాయిని మళ్ళీ యథాస్థానంలో పెట్టి, నడుముల్లోతు నీళ్ళలో ఒడ్డుకు చేరాం.

అవి కొన్ని వందల ఏళ్ళ నాటివని లాబ్ తేల్చింది. రేవు స్థలం మార్చారు. ఫోన్‌లో ఆ మాట చెబితే మార్గరెట్ నవ్వారు. "మేం చెబితే వినలేదు, గుల్ల చెబితే విన్నారు" అన్నారు. పటం దిద్దాను.

తీరం ఆకారాన్ని పరికరం కొలుస్తుంది; దాన్ని ఎవరు మలిచారో అక్కడ బతికినవాళ్ళను అడగాలి. మిగిలిన సర్వీసులో అడిగే రాశాను. మరో రెండు చోట్ల కూడా 'సహజ' అనే మాట కొట్టేయాల్సి వచ్చింది.