తలుపు వైపు వెళ్లిపోయిన గుండె

నర్సీపట్నంలో పెళ్లిళ్ల ఫొటోలు తీసేవాళ్లలో నేనొకణ్ని. దండలు మార్చుకునే క్షణంలో బ్యాటరీ అయిపోవడం, పెళ్లికూతురి బదులు వంటవాణ్ని ఫోకస్ చేయడం లాంటి ఘనకార్యాలు నా ఖాతాలో బోలెడున్నాయి. అవన్నీ ఒక ఎత్తు, ఒక ఆదివారం పొద్దున మా చర్చిలో రెండు ఎక్స్‌రే ఫిల్ములు పట్టుకుని నేను సృష్టించిన ప్రళయం ఒక ఎత్తు. ఆ తర్వాత చాలాకాలం బజారుకెళ్తే వంకాయలమ్మే ఆవిడ కూడా తూకం వేస్తూ, "గుండె సోటునే ఉన్నాదా బాబూ?" అని అడిగేది. ఎందుకడిగేదో చెబుతాను. మా అమ్మాయి జెస్సీ ఇది ముందే చదివి, రెండు చోట్ల కొట్టేసి, మిగతాది అచ్చు వేసుకోవచ్చని అనుమతిచ్చింది. కాబట్టి ధైర్యంగా నవ్వుకోండి.

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. మా ఇంట్లో సామెత తలకిందులైంది. మొక్క మొక్కగా ఉండగానే వంగింది. జెస్సీకి పదమూడో ఏట వెన్నుపూస పక్కకి ఒరుగుతోందని తెలిసింది. దాన్ని స్కోలియోసిస్ అంటారట. కనిపెట్టింది మా ఆవిడ సునీత. గౌను అంచు ఎన్నిసార్లు సరిచేసి కుట్టినా ఒక పక్క పైకి పోతోందని పిల్లని అద్దం ముందు నిలబెట్టింది. ఒక భుజం పైన, ఒక భుజం కింద.

ఇక్కడే నా మొదటి పాపం ఒప్పుకోవాలి. ఆ భుజాన్ని అంతకుముందే నేను చూశాను. స్కూలు ఐడీ కార్డుకి ఫొటో తీసిన ప్రతిసారీ, "సరిగ్గా నిలబడవే" అని కసిరి, అయినా వంకరగానే వస్తే ఫొటోషాప్‌లో లాగి సమం చేశాను. అంటే నా కూతురి వెన్నుకి మొట్టమొదటి వైద్యం చేసింది నేనే. కంప్యూటర్లో.

విశాఖపట్నం డాక్టరుగారు ఫిల్ముని లైటు పెట్టెకి తగిలించి మూడు దారులు చెప్పారు. వంపు చిన్నదైతే ఊరికే కనిపెట్టుకుని ఉండటం. జెస్సీకున్నంత ఉండి, పిల్ల ఇంకా ఎదుగుతుంటే బ్రేస్ వేయడం. అప్పటికీ పెరిగిపోతే ఆపరేషన్. ఆ మూడు దారులూ ఇంటికొచ్చేసరికి మూడు జిల్లాలకు చీలిపోయాయి. మా బావమరిది ఇనప కడ్డీ పట్టుకుని వేలాడమన్నాడు. స్టూడియో పక్కన టీకొట్టు ఆయన యోగా అన్నాడు. మా అత్తగారు మరియమ్మగారు కొయ్యూరు కొండల్లో నూనె తోమే మనిషున్నాడని, "రెండు పట్లు పట్టించండి, గుంట తాటిసెట్టులాగ నిలబడతాది" అని సెలవిచ్చారు. నేను అందరి మాటలకీ తల ఊపాను. సునీత మాత్రం ఎవరికీ ఊపలేదు. "డాక్టర్ని అడిగి, మల్లీ ఊరందర్నీ అడగడమేటి?" అని బ్రేస్‌కి కొలతలు ఇప్పించి వచ్చింది.

బ్రేస్ అంటే గట్టి ప్లాస్టిక్ కవచం. చంకల కింద నుంచి నడుం దాకా పట్టీలతో బిగిస్తారు. స్నానానికీ, వ్యాయామానికీ తప్ప పగలూ రాత్రీ ఒంటి మీదే. మన ఎండల్లో అదొక నడిచే ప్రెషర్ కుక్కర్. జెస్సీ ఏడవలేదు. ఒక్క షరతు పెట్టింది.

"ఏసుకుంతాను. గాని ఎవరికీ సెప్పకూడదు డాడీ. చర్చిలో అసలు సెప్పకూడదు."

"నేనెందుకు చెబుతానే?"

"నువ్వే సెప్తావు."

పిల్లలకి మన గురించి అంత బాగా ఎలా తెలుస్తుందో!

కొన్ని నెలలు గడిచాయి. వదులు చుడీదార్ల కింద బ్రేస్ దాచుకుని స్కూలుకెళ్లేది. స్నేహితురాళ్లు డాన్సుకి పిలిస్తే పని ఉందనేది. మళ్లీ చూపించుకునే రోజొచ్చింది. సోమవారం విశాఖ వెళ్లాలి, ముందుగా శనివారమే మా ఊళ్లో ఎక్స్‌రే తీయించాం. సాయంత్రం నేను కొత్త ఫిల్ముని పాత ఫిల్ము పక్కన మా కిటికీ అద్దానికి టేపుతో అంటించి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

గుండె ఆగినంత పనైంది. పాతదానిలో వెన్ను గడియారం వైపు వంగి ఉంది. కొత్తదానిలో బీరువా వైపు వంగి ఉంది!

"సునీతా! బ్రేస్ బాగా పనిచేసేసిందే! ఇటున్న వంపుని తోసి తోసి, మధ్యగీత దాటించి అటు పడేసింది!"

"ఎల్లుండి డాక్టరు సూస్తారు కదా. కూరలోకి కొత్తిమీర తెండి."

"నెగెటివ్‌లు కడిగిన కాలం నుంచి ఈ వృత్తిలో ఉన్నాను. ఫిల్ము చూడటం నాకు నేర్పుతావా?"

ఫిల్ము మూలన జెస్సీ పేరు అక్షరాలు ఎదురు తిరిగి ఉన్నాయి. చూశాను. చూసి, ఫిల్మన్నాక అక్షరాలు అలాగే ఉంటాయిలే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఎవరు పట్టిన కుందేలుకో మూడే కాళ్లట. నేను అంటించిన ఫిల్ముకి ఒకటే వైపు.

జెస్సీ తలుపు దగ్గర నిలబడి అంతా వింది.

"అయితే తీసీచ్చా డాడీ?"

"తీసెయ్యొచ్చా ఏటే, తీసెయ్యాలి! ఉంచితే ఇప్పుడు అటు వంగిపోతావు."

పట్టీలు చర్రుమని ఊడాయి. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. పిల్ల చల్లటి గచ్చు మీద వెల్లకిలా పడుకుని, చేతులు బారజాపి, నవ్వింది. పుట్టినరోజుకి కుట్టించి, బ్రేస్ మీద పట్టక బీరువాలో వేలాడుతున్న పసుపుపచ్చ గౌను మర్నాడు చర్చికి వేసుకుంది. సునీత నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుని ఫ్రేము కట్టిస్తే ఏ మగాడూ ఇంట్లో నోరెత్తడు.

మా చర్చిలో పాటలయ్యాక సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు తమకి చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పుకోవచ్చు. ఆ రోజు నాతవరం నుంచి వచ్చే పెద్దాయన ఒకరు లేచి, తప్పిపోయిన గేదె దానంతటదే ఇంటికొచ్చిందని చెప్పారు. సభంతా "స్తోత్రం!" అని మోగిపోయింది. నాలో ఏదో కదిలింది. గేదెకే ఇంత మోత మోగితే, నా దగ్గరున్న దానికి కప్పు ఎగిరిపోదా?

"సెప్పకూడదు" అన్న మాట గుర్తు రాకపోలేదు. కానీ జబ్బు సంగతి చెప్పొద్దంది గానీ తగ్గిన సంగతి చెప్పొద్దనలేదు కదా! పెద్ద ప్లీడర్లకి కూడా తట్టని పాయింటు. పైగా, పెళ్లి ఆల్బమ్ సంచిలో రెండు ఫిల్ములూ తెచ్చుకున్నాను మరి. డాక్టరు చూడలేదు, మాట చెప్పలేదు, సాక్ష్యం మాత్రం సిద్ధం.

లేచాను. ముందుకెళ్లాను. నా వెనక గోడకున్న పెద్ద వెంటిలేటర్ అద్దాల వెలుతురులో, ఇంట్లో నాకు ఎలా కనబడ్డాయో సరిగ్గా అలాగే అందరికీ కనబడేట్టు రెండు ఫిల్ములూ ఎత్తి పట్టుకున్నాను. కూతురి వెన్ను, మా కన్నీళ్లు, నా ప్రార్థనలు (ఇవి కొంచెం పెంచి చెప్పాను), కడకు వంపు ఇటు నుంచి అటు మారిన అద్భుతం. స్తోత్రాలు మొదలయ్యాయి. నేను జెస్సీ వైపు చూడలేదు. చూసుంటే ఆపేసేవాణ్నేమో.

అప్పుడు ముందు వరసలోంచి మా అత్తగారు చెయ్యెత్తారు. ఆవిడకి ఈమధ్యే శుక్లాల ఆపరేషన్ అయింది. కళ్లు కొత్తవి. వాటితో ఏం చూడాలా అని వెతుకుతున్న రోజులు.

"అల్లుడుగారూ, పక్కటెముకల మజ్జిని తెల్లగా ముద్దలాగున్నాది, అదేటండీ?"

"అది గుండె అత్తయ్యగారూ."

"మంచిది. పాతదాన్లో గుండె కిటికీ ఏపున్నాది. కొత్తదాన్లో తలుపేపెల్లిపోనాదేటి?"

మామూలు మనిషైతే ఇక్కడ ఆగుతాడు. నేను ఆగలేదు.

"వెన్ను జరిగినప్పుడు గుండె కూడా కొంచెం సర్దుకుంటుంది అత్తయ్యగారూ. షేర్ ఆటోలో ఒకరు జరిగితే పక్కవాళ్లు జరగరూ?"

"స్తోత్రం!" అన్నారు గేదె పెద్దాయన, భక్తిగా.

"మరి పిల్ల పేరు కూడా సర్దుకున్నాదేటండీ? అచ్చరాలు ఎనక్కి తిరిగిపోనాయి."

పాస్టరుగారు మెల్లగా వచ్చి, నా చేతిలోంచి కొత్త ఫిల్ము తీసుకుని, వెనక్కి తిప్పి మళ్లీ నా చేతికిచ్చారు. గుండె కిటికీ వైపు వచ్చేసింది. వెన్నూ వచ్చేసింది. పేరు చక్కగా నిలబడింది. రెండు ఫిల్ములూ కవల పిల్లల్లా ఉన్నాయి.

ముందుగా ఎవరు నవ్వారో తెలీదు. నవ్వు చివరి వరస దాకా వెళ్లి, గోడకి తగిలి, మళ్లీ నా దగ్గరికొచ్చింది. నేను నవ్వుల్లోంచి జెస్సీ కోసం వెతికాను. ఆడపిల్లల మధ్య పసుపుపచ్చ గౌను లేదు. చాప మీద ఆ చోటు ఖాళీగా ఉంది. అప్పుడు తెలిసింది నాకు, నేను తిరగేసింది ఒక్క ఫిల్మునే కాదని.

రెండు ఫిల్ములతో అక్కడే నిలబడిపోయాను. మా ఇల్లు చర్చి వెనక వీధే. పాస్టరుగారు ఇంకో పాట ఎత్తుకున్నారు. పాట ముగియబోతుండగా తలుపులోంచి జెస్సీ వచ్చింది. పసుపుపచ్చ గౌను మీద, పైనే, అందరికీ కనబడేట్టు బ్రేస్ బిగించుకుని వచ్చింది. నిటారుగా నడిచి నా దాకా వచ్చి, రెండు ఫిల్ములూ లాక్కుంది.

"కూకో డాడీ."

కూర్చున్నాను.

"ఓలమ్మ, ఇదేటే?" అని అప్పటిదాకా బ్రేస్ చూడని మా అత్తగారు మనవరాలి పొట్ట మీద వేలితో టక్‌టక్‌మని కొట్టి, "బూడిద గుమ్మిడికాయలాగ గట్టిగున్నాదే!" అన్నారు. పక్కనున్న స్నేహితురాలు గొంతు తగ్గించి అడిగింది: "ఇందుకేటే డాన్సుకి రానన్నావు? నీకు పొగరనుకున్నామే."

"మరి గౌను పైనెందుకేసుకున్నావే?" అని మళ్లీ ఆ పిల్లే అడిగింది.

"అందరికీ తెలిసిపోనాక లోపలెందుకు, ఉక్క" అంది జెస్సీ.

ఇంటికెళ్లే దారిలో నా పక్కన నడవలేదు. వాళ్లమ్మ పక్కన నడిచింది. నేను వెనక నుంచి, "తప్పైపోయిందే, క్షమించు" అన్నాను.

"దేనికి? ఫిల్ము తిరగేసినందుకా, సెప్పినందుకా?"

"రెండిటికీ."

"రెండోదానికి ఏరేగా అడగాలి."

వేరేగా అడిగాను. చాలాసార్లు అడిగాను. ఎన్నోసారికి సరే అందన్నది ఆమె కొట్టేసిన రెండు చోట్లలో ఒకటి.

సోమవారం డాక్టరుగారు రెండు ఫిల్ములూ చూసి, "చాలా బాగుందండీ" అన్నారు.

"ఎక్కడండీ? రెండూ ఒకలాగే ఉన్నాయి!"

"అదేనండీ బాగుండటం. బ్రేస్ వేసేది వంపుని మాయం చేయడానికి కాదు, ఎదిగే వయసులో పెరగకుండా పట్టి ఉంచడానికి. పెరగలేదు. ఆపరేషన్ మాట ఇప్పుడు లేదు. ఎదుగుదల ఆగేదాకా వేసుకోవాలి, అంతే."

అంటే అద్భుతం నా చేతిలోనే ఉంది. ఎత్తి పట్టుకుని ఊరందరికీ చూపించాను కూడా. చూడనివాణ్ని నేనొక్కణ్నే.

తర్వాతి ఆదివారం జెస్సీ అనుమతితో మళ్లీ లేచాను. "పెరగలేదు. వందనాలు" అని కూర్చున్నాను. మా చర్చిలో అంత పొట్టి సాక్ష్యం ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. గేదె పెద్దాయన నిరాశపడ్డారు.

ఆ సాయంత్రమే ప్రమాణం చేశాను. ఇకపై ఏ ఫిల్మునూ కిటికీకి అంటించను. అంటించినా, గుండె ఎటుందో చూసుకోకుండా వెన్ను గురించి నోరెత్తను. ఎత్తాల్సి వస్తే, ఆ వెన్ను ఎవరిదో వాళ్లని ముందు అడుగుతాను. అడుసు తొక్కనేల, చర్చిలో ఎత్తి చూపించనేల? ఈ మాటలన్నీ బ్రేస్ మీద చెయ్యి వేసి పలికాను. పిల్ల లోపలే ఉంది కాబట్టి తప్పించుకోవడానికి దానికి వీల్లేకపోయింది. ఆసాంతం విని, "మల్లీ సెప్పు డాడీ, ఈసారి నవ్వకుండా" అంది.