రాహుకాలం ఆపిన ఓటు

2020 ఫిబ్రవరి నెలాఖరు. సింగపూర్‌లోని పాయా లేబర్‌లో ఒక మాల్ కింది అంతస్తులోని కొరియర్ షాపులో నేను కౌంటర్ చూసేదాన్ని. ఇప్పటికీ చూస్తున్నాను. షాపులోకి వచ్చే ప్రతి మనిషికీ థర్మామీటర్ పెట్టి జ్వరం చూస్తున్న రోజులవి. మామూలు పోస్టు ఎప్పుడు చేరుతుందో నమ్మకం లేక జనం మా దగ్గరికి వచ్చేవారు.

ఒక శుక్రవారం పొద్దున అనసూయ ఆంటీ అనే ఆవిడ ఊరికి ఆ చివరనున్న యూ టీ నుంచి రైల్లో వచ్చారు. ఇక్కడి కౌంటర్లో తెలుగమ్మాయి ఉందని ఎవరో చెప్పారట. ఆవిడ అమెరికా పౌరురాలు. మిషిగన్‌లో ఉండగా భర్త పోయారు. తర్వాత ఇక్కడ కూతురి దగ్గరికి వచ్చేశారు. చేతిలో అతికించిన కవరు ఉంది.

"ఇందులో నా ఓటుందమ్మా. వచ్చే మంగళవారం కాదు, ఆ పై మంగళవారానికి మిషిగన్‌లో ఉండాలి."

"ఎన్నికలు నవంబర్లో కదా ఆంటీ?"

"అది అసలు ఎన్నిక. ఇది ప్రైమరీ. పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ముందు మేం ఓటేసి తేలుస్తాం. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో రోజు. పెళ్ళిభోజనాల్లో బంతులనుకో. మొదటి బంతికి బూరెలూ పులిహోరా అన్నీ ఉంటాయి, కడ బంతికి చారూ మజ్జిగా. మేం న్యూజెర్సీలో ఉన్నన్నాళ్ళూ ఎక్కువసార్లు కడ బంతే. మా వంతు వచ్చేసరికి పోటీలో ఒక్కళ్ళే మిగిలేవాళ్ళు. ఎందుకేశామే ఈ ఓటు అని మా ఆయన నవ్వేవారు. మిషిగన్‌ది మధ్య బంతి. చివరగా అక్కడున్నా కాబట్టి నా ఓటు అక్కడే. ఈసారి దానికి పనుంది."

"వడ్డించేవాడు మనవాడైతే కడ బంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారుగా. ఇటివ్వండి" అని చేయి చాపాను.

ఆంటీ కవరును గుండెకు ఆనించుకుని గోడ గడియారం చూశారు. "పదిన్నర దాటింది. రాహుకాలం. పన్నెండింటికి ఇస్తాలే."

మా పనిలో కట్‌ఆఫ్ అని ఒకటుంటుంది. ఆ వేళ దాటాక ఇచ్చిన కవరు ఆ రోజు బండి ఎక్కదు. అప్పట్లో మా కట్‌ఆఫ్ పదకొండున్నర. శుక్రవారం అది దాటితే ఇక సోమవారమే.

"ఆంటీ, అది ఇండియా రాహుకాలం. ఇక్కడ టైమ్ వేరు కదా?"

"రాహువుకి పాస్‌పోర్ట్ అక్కర్లేదమ్మా."

పికప్‌కు వచ్చిన డ్రైవర్ రహీమ్‌ను కాసేపు ఆగమన్నాను. "కెనాట్ వెయిట్ లా, సిస్టర్" అని ఇక్కడి ఇంగ్లీషులో అనేసి మిగతా కవర్లు తీసుకుని వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. అమెరికా అధ్యక్షుడి ఎన్నికకు కూడా రాహుకాలం అడ్డమా అని లోపల గొణుక్కున్నాను. పన్నెండు దాటాక ఆంటీ కవరును రెండు చేతులతో ఇచ్చారు. సోమవారం పంపినా గురువారానికి చేరుతుందని చెప్పి దాన్ని సొరుగులో పెట్టాను.

సోమవారం షాపు తీస్తూనే ఫోన్ మోగింది.

"అమ్మాయ్, నా కవరు వెళ్ళిపోయిందా?" ఆంటీ కంగారుగా అడిగారు.

"లేదాంటీ, సొరుగులోనే ఉంది."

"బతికించావమ్మా" అంటూ ఏడ్చేశారు. ఆవిడ ఓటేసిన మనిషి అంతకు కొద్ది గంటల ముందే పోటీ నుంచి తప్పుకున్నారట. ముందు వంతు వచ్చిన రాష్ట్రాల్లో ఓట్లు సరిపోలేదు. మిషిగన్ బ్యాలట్ మీద పేరు అలాగే ఉంటుంది. దానికి వేసిన ఓటు మాత్రం దేనికీ కొరగాదు. బ్యాలట్ ఈమెయిల్‌లో వచ్చింది కాబట్టి మళ్ళీ ప్రింట్ తీసి కొత్తగా నింపుకోవచ్చు. పాతది దేశం దాటకపోవడమే ఆవిడ అదృష్టం.

ఈసారి కూతురితో టాక్సీలో వచ్చారు. పాత కవరు తీసుకుని నా ముందే చింపేశారు. కొత్తది ఇస్తుంటే నేను ఊరుకోలేక, "వర్జ్యం ఏమైనా ఉందేమో చూసుకున్నారా ఆంటీ?" అన్నాను.

"ఉంటే ఉండనీ. బండెళ్ళిపోతుంది, ముందు తీసుకో."

గురువారం కవరు చేరినట్టు కంప్యూటర్‌లో కనబడగానే నాకే ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఆవిడకు మెసేజ్ పెట్టాను.

ఎన్నిక అయిన మరుసటి వారం ఆంటీ డబ్బా నిండా సున్నుండలు తెచ్చారు. "మీరేసినవాళ్ళు గెలిచారా?" అని అడిగాను.

"ఓడిపోయారమ్మా" అన్నారు హాయిగా నవ్వుతూ.

"మరి ఈ సున్నుండలేంటి ఆంటీ?"

"ఇన్నేళ్ళకి, ఓడిపోవడానికైనా బరిలో ఉన్న మనిషికి వేశాను. అదే చాలు."

ఓడిన ఓటు వేరు, వృథా అయిన ఓటు వేరు అని నాకు ఆ రోజే తెలిసింది. అప్పటినుంచి ఎవరు కవరు తెచ్చినా ఎప్పటిలోగా చేరాలి, ఈలోగా లోపలిది మార్చాల్సి వస్తుందా అని అడిగి గానీ ముద్ర వేయను. నాది ఇండియన్ పాస్‌పోర్ట్. మాలాంటివాళ్ళు ఇక్కణ్ణించి ఓటు పంపడానికి వీల్లేదు, స్వయంగా వెళ్ళి వేయాల్సిందే. ఒక్క ఓటుకు విమానమా అని ఎప్పుడూ కదిలేదాన్ని కాదు. 2024లో సెలవు పెట్టి కాకినాడ వెళ్ళి, ఎండలో క్యూలో నిలబడి వేసి వచ్చాను. బూత్ బయటే సిరా చుక్క ఉన్న వేలిని ఫోటో తీసి ఆంటీకి పంపాను. కింద 'మీకు రుణపడి ఉంటాను' అని రాశాను.